కట్టని చీరలు

వస్త్రముల విషయమున మితము పాటింపవలెనని నేడు పలువురు చెప్పుచున్నారు. అవసరమునకు మించి కొనవలదనియు, చిరిగినదానిని కుట్టి కట్టవలెననియు, వేడుకకొక క్రొత్తబట్ట యను పట్టుదల మానవలెననియు బోధించుచున్నారు. ఇవి మంచి మాటలే. కాని యీ బోధలన్నియు కట్టుకొనువారిని ఉద్దేశించినవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని గృహస్థుల బీరువాలు తెరచి చూచినచో, ఈ బోధలకు అందని వస్త్రరాశి యొకటి కానవచ్చును. అది కట్టుకొనుటకు కొన్నది కాదు, పెట్టుటకు కొన్నది. కొన్నవారు దానిని కట్టరు, పుచ్చుకొన్నవారును కట్టరు. మడత విప్పకుండగనే అది ఇల్లిల్లు తిరుగుచుండును. మన ప్రాంతమున వస్త్రసంస్కారము ఎక్కడ మొదలు కావలెనని మమ్మడిగినచో, కట్టు బట్టకంటె ముందు పెట్టు బట్టతో మొదలు కావలెనని చెప్పుదుము.

పెట్టుబడి చీర సంగతి యెరుగని యిల్లాలు మన వైపున లేదు. పెండ్లి, ఓణీల వేడుక, మగపిల్లవానికి ధోతి కట్టించు వేడుక, సీమంతము, తొట్టెల, గృహప్రవేశము, ఒడిబియ్యము, షష్టిపూర్తి, ఒక్కొక్క శుభకార్యమునకు ఒక్కొక్క బట్టల మూట కావలెను. చుట్టములు తెచ్చిన చీరకు బదులు చీర. మగవారికి ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ. ఏమియు తీసికొనిరాని ముత్తైదువకు సైతము రవికె గుడ్డ. బట్టల దుకాణమున అడుగు పెట్టగానే గుమాస్తా మొదట అడుగు ప్రశ్న 'కట్టుకోనీకెనా అమ్మా, పెట్టనీకెనా?' యనునది. 'పెట్టనీకె' యన్నచో ఆతడు మనలను వేరొక ప్రక్కకు తోడ్కొని పోవును. అచ్చట చీరలు ఒక్కొక్కటిగా గాక కట్టలు కట్టలుగా నుండును. ఆతడు కొంగు పరచి చూపడు. నూలో కాదో మనమును అడుగము. తాను కట్టుకొను చీరను వెలుగులో పట్టి చూచి, నీటిలో రంగు దిగునా యని విచారించి, అంచును వ్రేళ్లతో నలిపి చూచి, రెండు దుకాణములు తిరిగి కొను స్త్రీయే, పెట్టు చీరలను అరగంటలో నలుబది యేరును. ఆమె అవివేకి కాదు. ఆ నలుబది చీరలును ఎవ్వరును కట్టరని ఆమె యెరుగును. ఎరిగియే ఆ ప్రకారము కొనుచున్నది.

ఈ యాచారము నిన్న మొన్న పుట్టినది కాదు గాని, ఇంత విరివిగా పూర్వము లేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల భూములకు పారిన తరువాత వరిసేద్యము పెరిగినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందినది. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముపై సూర్యాపేట, కోదాడలు వర్తకమునకు నిలయములైనవి. చేతిలో డబ్బు ఆడిన కొలది వేడుకలు వాకిటి పందిరినుండి ఫంక్షను హాళ్లకు తరలినవి. పిలుపుల జాబితా పెరిగినది. అదే కాలమున పాలియెస్టరు చీర మరమగ్గములపై విస్తారముగా నేయబడి చౌకగా దొరకసాగెను. పూర్వము చీర వెలయే పెట్టుపోతలకొక హద్దుగా నుండెడిది. అన్న చెల్లెలికి పెట్టగలిగినది ఏటికి ఒకటియో, రెండో. చౌకదనము ఆ హద్దును చెరిపివేసినది. హద్దు చెరిగిన చోట మర్యాద పెరుగలేదు, మూట మాత్రము పెరిగినది.

మా యింటి లెక్క యొకటి చెప్పుదుము. మాది సూర్యాపేట. మా వియ్యాలవారిది మిర్యాలగూడ. మా యింటి యాడపడుచును కోదాడలో నిచ్చితిమి. నాలుగేండ్ల క్రిందట మా యింట వివాహమొకటి జరిగినది. సందడి సద్దుమణిగిన పిమ్మట ఒకనాడు కాగితము, కలము పుచ్చుకొని కూర్చుంటిమి. పెట్టిన చీరలు 64. వచ్చిన చీరలు 58. వచ్చినవానిలో మా యింటి స్త్రీలు 'ఇది కట్టుకొందుము' అని తీసిపెట్టుకొన్నవి 7. తక్కిన 51 చీరలను మరల పెట్టుటకై మూట గట్టిరి. మూట గట్టుచుండగా ఒక చీర మడతలోనుండి చిన్న చీటి జారిపడినది. అది మా పెద్దకోడలి చేతివ్రాత. రెండేండ్లకు ముందు మిర్యాలగూడలో ఒక గృహప్రవేశమునకు పోవునప్పుడు, ఏ చీర యెవరికో మరవకుండుటకై ఆమె చీటీలు పెట్టియుండెను. ఆ చీర ఎన్ని యిండ్లు తిరిగి మరల మా వాకిటికి వచ్చినదో తెలియదు. దాని మడత విప్పినవారు మాత్రము లేరని తెలిసినది. విప్పియుండినచో ఆ చీటి ఏనాడో రాలిపోయి యుండెడిది. అందరును నవ్విరి. ఆ నవ్వు ముగిసిన తరువాత పెట్టిన చీరల వెల కూడి చూచితిమి. ఒక్కొక్కటి 350 రూపాయల చొప్పున 22,400 రూపాయలు.

మా పెద్దమ్మ ఈ లెక్కకు సమ్మతింపలేదు. 'బట్ట పెట్టకుంటె ఆడబిడ్డ మనసు నొవ్వదా బిడ్డా? అన్నం ఒక్కపూటల అరుగుతది. చీర ఏడాది ఉంటది' అని యన్నది. ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. మన తెలంగాణపు ఒడిబియ్యమును చూడుడు. పుట్టింటికి వచ్చిన యాడుబిడ్డకు క్రొత్తచీర పెట్టి, పసుపు కలిపిన బియ్యమును కుడుకలతో, ఖర్జూరములతో, వక్కలతో ఒడిలో పోయుదురు. ఈ యింట నీకు చోటు కలదని తల్లిదండ్రులు ఆమెకు చెప్పు విధమది. ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును దేశమంతటికిని కలిగించిన చట్ట సవరణ 2005లో గాని రాలేదు. అంతకుముందు ఎన్నో తరముల స్త్రీలకు పుట్టింటిపై గల హక్కు కంటికి కనబడునది ఆ చీర రూపముననే. భూమి అన్నదమ్ములదైనను, ఏటికొక చీర ఆమెది. అట్టి చీరను ఆమె కట్టెడిది, కట్టి నలుగురికి చూపెడిది, 'మా అన్న పెట్టిన చీర' యని చెప్పుకొనెడిది. మా పెద్దమ్మ పలికినది ఆ చీరనుగూర్చి. ఆమెకును మాకును భేదము లేదు. ఆ చీరకును, మా మూటలోని 51 చీరలకును మాత్రము సంబంధము లేదు.

అంతియే కాదు. చుట్టములను దగ్గర చేయుటకై పుట్టిన యీ యాచారము చుట్టములను దూరము చేయుచున్నది. కోదాడకు చేరువనున్న పల్లెలో మాకు వరుసకు వదినె యగు నొక యామె కలదు. భర్త లేడు. రవికెలు కుట్టి యిల్లు గడుపుకొనుచున్నది. మా యింటి వివాహమునకు పిలిచితిమి, రాలేదు. అంతకుముందు రెండు శుభకార్యములకును రాలేదు. కోపము కాబోలునని మా వారు తలచిరి. పెండ్లియైన నెల దినములకు, పనిమీద సూర్యాపేటకు వచ్చిన దినమున, డజను అరటిపండ్లు చేతబట్టుకొని మా యింటికి వచ్చినది. మా పెద్దకోడలు నిష్ఠురముగా అడుగగా ఆమె చెప్పిన మాట యిది: 'వస్తె పిల్లకొక చీర, నీకొక చీర, అత్తమ్మకొక చీర తేవాలె. తేకుంటె మీరేమనరు, నాకే మంచిగుండది.' మూడు చీరలనగా ఆమెకు వారము దినముల కుట్టుపని. ఆ చీరలను మేమును కట్టియుండము. కట్టని మూడు చీరలు లేనందున మా యింటి మనుష్యురాలు మా యింటి పెండ్లికి రాలేదు. వస్త్రము వ్యర్థమగుట యొక నష్టము. దానికంటె నిది పెద్ద నష్టమని మేము తలచుచున్నాము.

ఇక వస్త్రముమాట. పూర్వము మన యిండ్లలో నూలుచీర ఒక్క జన్మతో ముగిసెడిది కాదు. పండుగకు కట్టి, కొంత వెలసిన పిమ్మట నిత్యము కట్టి, మెత్తబడిన పిమ్మట బాలింతరాండ్రకు ఇచ్చెడివారు. పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డలు పాత నూలుచీరవే కావలెను; క్రొత్తగుడ్డ పసిదేహమున ఒరయును. అదే చీరతో ఉయ్యాల కట్టెడివారు. వేసవిలో వడియములు పెట్టుటకు పాత పంచె పరచెడివారు. చినిగిన చీరలను నాలుగైదు పొరలుగా పరచి బొంత కుట్టెడివారు. బొంతలు కుట్టి పెట్టు స్త్రీలు వీధుల వెంబడి వచ్చెడివారు. బొంతకును పనికిరాని పీలిక వంటింట మసిగుడ్డ యగును. చివరకు మట్టిలో కలసిపోవును. ఇంతటి పొదుపును మన ముత్తవ్వలు ఏ గ్రంథమునందును చదివి నేర్వలేదు. బట్ట వెల యెక్కువ, బట్టయందు గౌరవము నెక్కువ, అందుచేత నేర్చిరి.

పెట్టుబడి చీరకు ఈ జన్మపరంపర లేదు. పాలియెస్టరు పెట్రోలియమునుండి తీసిన నూలు. మన సూర్యాపేట, మిర్యాలగూడలలో వేసవి 44, 45 డిగ్రీలకు పోవు దినములలో అది చెమటను పీల్చదు. పసిబిడ్డకు పొత్తిగుడ్డగా చుట్టుటకు తల్లికి మనసొప్పదు. బొంతలో పెట్టినచో పొర నిలువక జారును. మసిగుడ్డగా పొయ్యి దగ్గర పట్టుకొన్నచో కరగి చేతికి అంటుకొనును. ఉదికినప్పుడెల్ల దానినుండి కంటికి కానరాని పోగులు విడివడి మురుగునీటితో చెరువులకు చేరును. మట్టిలో పూడ్చినను చిరకాలము చివుకదు. ఈనాడు లోకమున తయారగు నూలు, నార, పోగులన్నిటిలో సగమునకు పైగా పాలియెస్టరే.

పత్తి మాత్రము నిర్దోషి యని మేము చెప్పము. లోకమున సగటున ఒక కిలో పత్తిబట్టకు 10,000 లీటర్ల నీరు ఖర్చగునని లెక్క గట్టిరి. అరకిలో తూగు నూలుచీర యనగా 5,000 లీటర్లు. మన జిల్లాల పత్తి రైతు విత్తనములకును, పురుగుమందులకును చేయు అప్పుల సంగతి మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంత నీటితో, ఇంత శ్రమతో వచ్చిన బట్టను కట్టకుండ దాచుట యెంత అపరాధమో, నూనెబావినుండి వచ్చిన బట్టను కట్టకుండ దాచుటయు అంతే. నూలుచీరలను నలుబది కొని పెట్టినను మేము చెప్పు దోషము తొలగదు. ఏ దారముతో నేసినదను ప్రశ్నకంటె ముందు అడుగవలసిన ప్రశ్న, దీనిని ఎవరైన కట్టుదురా యనునది.

'మేము పారవేయుట లేదు, బీదలకు ఇచ్చుచున్నాము' అని కొందరు సమాధానము చెప్పుదురు. పాత బట్టలకు స్టీలు గిన్నె లిచ్చువారు వీధికి వచ్చినప్పుడు కొన్ని పోవును. ఇంట పాచిపని చేయు నామెకు దసరాకు కొన్ని పోవును. ఇచ్చుటలో తప్పు లేదు గాని, ఎవరికి ఏమి కావలెనో విచారింపక ఇచ్చుట దానమగునా? ఆఫ్రికాఖండమున ఘానాదేశపు రాజధాని అక్రాలో కాంటమాంటో అను సంత యొకటి కలదు. ఐరోపా, అమెరికా ఖండముల వారు దానముగా ఇచ్చిన పాతబట్టలు ఓడలమీద అచ్చటికి చేరును. వేలకొలది మంది వానిని బాగుచేసి, మరల కుట్టి, అమ్మి బ్రతుకుచున్నారు. కాని పనికిరాని బట్టలు అందెంతో భాగము. అవి కాలువలలోను, సముద్రతీరమునను మేటలు వేయుచున్నవి. 2025 జనవరిలో ఆ సంతలో అగ్నిప్రమాదము జరిగి వర్తకులు చాల నష్టపడిరి. దక్షిణ అమెరికాలోని చిలీదేశమున అటకామా యెడారిలో ఇట్టి బట్టల గుట్టలే పెరిగినవి. పాతబట్టను కరగించి క్రొత్తబట్ట చేయుట లోకమున నూటికి ఒక పాలును లేదని 2017లో ఒక నివేదిక చెప్పినది. ఇచ్చినవారి బీరువా ఖాళీయైనది. పుచ్చుకొన్నవారి నేల నిండినది.

దీనికి మారుగా మన దేశమున ఒక మంచి పద్ధతి నడచుచున్నది. అన్షు గుప్తా యనువారు 1999లో ఢిల్లీలో గూంజ్ అను సంస్థను స్థాపించిరి. ఊరివారు తమ ఊరికి కావలసిన బావినో, బాటనో తామే పూనుకొని బాగుచేసికొన్నచో, ఆ శ్రమకు ప్రతిఫలముగా వస్త్రములు ఇచ్చుట ఆ సంస్థవారి పద్ధతి. పాత నూలుబట్టలతో స్త్రీలకు నెలసరి గుడ్డలు కుట్టించి పంచుటయు వారి పనియే. అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసేసే పురస్కారము లభించినది. పుచ్చుకొనువాని ముఖమును చూచి ఇచ్చుట యెట్లో ఈ పద్ధతి నేర్పుచున్నది.

మన కంటి యెదుటనే మరియొక వింత కలదు. సూర్యాపేటనుండి హైదరాబాదు దారిన రెండు గంటలైన పోకముందే నేతగాండ్ర గ్రామములు తగులును: పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము, సిరిపురము. 2016 అక్టోబరు 11న జిల్లాలు విభజింపబడువరకు ఇవియు మనవియు ఒక్క నల్లగొండ జిల్లాయే. నేడు పోచంపల్లి, పుట్టపాకలు యాదాద్రి భువనగిరి జిల్లాకును, కోదాడ సూర్యాపేట జిల్లాకును పోయినవి; మిర్యాలగూడ నల్లగొండలో నిలిచినది. పోచంపల్లి చిటికి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో వచ్చినది. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను శుద్ధిచేసి, రంగులద్ది నేయు నేత యది. పుట్టపాక వాస్తవ్యులగు గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చినది.

ఈ నేతలో ఆసు పోయుట యను పని కలదు. దారమును అర్ధచంద్రాకారముగా నున్న మేకుల చుట్టును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. తరతరములుగా ఈ పని స్త్రీలదే. ఆలేరు చెంతనున్న శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు, తల్లి భుజముల నొప్పి చూడలేక, 1999లో ఆసుయంత్రమును నిర్మించి దానికి తల్లి పేరున లక్ష్మి ఆసుయంత్రమని పేరిడిరి. వారికి 2017లో పద్మశ్రీ వచ్చినది. ఇంత చేయు నేతగాండ్ర చీర నమూనాను పాలియెస్టరుపై అచ్చువేసి 'పోచంపల్లి డిజైను' అని మూడు వందలకు అమ్ముదురు. మనము దానినే కట్టలుగా కొని పెట్టుదుము. 2020లో కరోనా కట్టడి వచ్చినప్పుడు నేసిన చీరలు నేసినట్లే నేతగాండ్ర యిండ్లలో పేరుకొనిపోయినవి. 2019-20 నాటి చేనేత గణనలో దేశమున 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులు తేలిరి. వారిలో నూటికి డెబ్బదికి పైగా స్త్రీలు. ఒక స్త్రీ చేతితో చేసినదానిని మరియొక స్త్రీ మనసార కట్టుకొనుటయే వస్త్రమునకు తగిన గౌరవము.

ఇచ్చట రెండాక్షేపణలు వచ్చును. మొదటిది, మరమగ్గముల వారును మనవారే కదా యని. నిజము. సిరిసిల్ల కార్మికులకు 2017 మొదలుకొని కొన్నేండ్లు బతుకమ్మ చీరల నేత అన్నము పెట్టినది. ఆ కార్మికులను గాని, మూడు వందల చీరను కట్టుకొని పనికి పోవు నామెను గాని మేము నిందించుట లేదు. ఆమె ఆ చీరను కట్టుచున్నది, చిరుగువరకు కట్టుచున్నది. మా మాట కట్టని చీరనుగూర్చి. రెండవది, చేనేత చీర వెల యెక్కువ గదా యని. ఒక్కటి కొనునప్పుడు ఎక్కువయే. కాని మేము 22,400 రూపాయలకు 64 చీరలు కొంటిమి. ఆ సొమ్ముతో 2,800 రూపాయల చీరలు ఎనిమిది వచ్చును. ఎనిమిదిమంది కట్టు చీరలు మేలో, అరువదినాలుగు కట్టని చీరలు మేలో యని తూచి చూడవలసినది. వెల యెక్కువ యను నాక్షేపణ బీదలు చెప్పవచ్చును. మూటలు కొనువారికి చెల్లదు.

ఆ చీటి దొరికిన తరువాత మా మూడిండ్ల వారును కూడి కొన్ని నియమములు చేసికొన్నాము. కార్యము ఎవరిదో వారికి, ఒడి నింపు నాడుబిడ్డకు, తోడపుట్టినవారికి మాత్రమే బట్ట పెట్టవలెను. పెట్టుటకు ముందు, ఏది కట్టుదురో వారినే అడుగవలెను. తక్కిన వారికి పసుపు, కుంకుమ, తాంబూలము, పండు. పిలుపునకు పోయినప్పుడే 'బట్టలు తేవలదు' అని నోట చెప్పవలెను, తెచ్చినను పుచ్చుకొనరాదు. ఈ చివరిదే కష్టము. కోదాడలోని మా యాడపడుచు కన్నీరు పెట్టుకొన్నది. 'మీరు పెట్టకుంటె మా అత్తగారింట్ల నా ముఖం యాడ పెట్టుకోవాలె?' అన్నది. ఆమె భయము అబద్ధము కాదు. అందుచేత మొదటి వేడుకకు ఆమెనే పుట్టపాకకు తోడ్కొని పోయితిమి. ఆమె మగ్గముల నడుమ కూర్చుండి, పది చీరలు పరపించి, ఒకటి యేరుకొన్నది. ఆ చీరతో అత్తవారింటి వేడుకకు పోయినది. అచ్చటి స్త్రీలు 'ఎక్కడిది, ఎవరు నేసిరి?' అని యడిగిరట. మూటనుండి తీసి యిచ్చిన చీరను ఎవ్వరును ఇట్లు అడిగియుండరు.

గత వేసవిలో మా యింట తొట్టెల వేడుక జరిగినది. పెట్టిన చీరలు 5. ఆ వివాహము పెద్దది, ఈ వేడుక చిన్నది. కావున రెండు లెక్కలను సరిపోల్చరాదు. కాని యీ యైదు చీరలును కట్టినవారిని మేము చూచితిమి. వచ్చిన కొందరు చిన్నబుచ్చుకొన్నారు. ఒకరిద్దరు నేటికిని ముభావముగా నున్నారు. అది యబద్ధమని మేము చెప్పము. పల్లెనుండి మా వదినె వచ్చినది. పొద్దుటనే వచ్చి, పొత్తిగుడ్డలు కుట్టుట కెవరును లేరని తెలిసి, మా పెద్దమ్మ పాత నూలుచీరను చించి అంచులు మడిచి పన్నెండు గుడ్డలు కుట్టి యిచ్చినది. భోజనము చేసి సాయంకాలపు బస్సుకు పోయినది.

పెట్టు బట్టయందు ఈ వివేకము కుదిరినచో కట్టు బట్టయందు తానే కుదురునని మా యనుభవము. ఎవరు నేసిరని అడుగుట అలవాటైన వాడు కొనుటకు తొందరపడడు. అడిగి ఏరి తెచ్చిన చీరను గంజిపెట్టి, నీడలో ఆరవేసి, పోగు లేచినచోట వెంటనే రఫూ చేయించి కాపాడుకొనును. రవికె కుట్టునప్పుడు లోపల రెండు వ్రేళ్ల గుడ్డ విడువుమని దర్జీకి చెప్పును. దేహము మారినను రవికె మారనక్కరలేదు. పట్టుచీరను అక్కచెల్లెండ్రు ఒకరిది ఒకరు కట్టుకొనుట నామోషీ కాదని తెలిసికొనును. చేనేత దుకాణమునకు పోయినప్పుడు 2006 నుండి అమలులోనున్న చేనేత గుర్తు చీటి కలదా యని చూచును.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తాలో స్వదేశీ యుద్యమము ప్రకటింపబడినది. ఆ దినమునే 2015 మొదలు జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. మన పూర్వపు నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో 1931లో ఆంధ్ర మహాసభతో పాటు మహిళాసభయు జరిగినది. ఆ కాలపు స్త్రీలు తమ యిండ్ల ఆచారములను సభలలో నిలిచి విమర్శించుటకు జంకలేదు. వారితో పోల్చినచో మనకు కావలసిన ధైర్యము స్వల్పము. పిలుపునకు పోయినప్పుడు ఒక్క మాట చెప్పుట, వచ్చిన మూటను చిరునవ్వుతో త్రిప్పి పంపుట, దుకాణమున గుమాస్తా యడిగినప్పుడు 'పెట్టనీకె, కాని కట్టుకొనెడిదే చూపు' అనుట, అంతియే.

రానున్న మాఘమాసమున ముహూర్తములు పెట్టుకొన్న గృహస్థులు మన పాఠకులలో పలువురుందురు. వారు బజారునకు పోకముందు ఒక సాయంకాలము బీరువా తెరచి, లోపలనున్న కట్టని చీరలను లెక్కింతురు గాక. పిమ్మట పిలువవలసిన చుట్టముల జాబితా తీసి, చీర తేలేనను సిగ్గుతో రాకుండుట కవకాశమున్నవారెవరో ఆ పేర్లకు గుర్తు పెట్టుకొందురు గాక. ఆ యిండ్లకు స్వయముగ పోయి, 'ఉత్తచేతులతో రండు, ముందు మీరు రావలెను' అని పిలిచిరావలెను. పిలుపు అట్లు జరిగినచో బట్టల జాబితా తానే కురుచ యగును.